తాడు రెండు వైపులా ఒకటే

మొన్న మహబూబాబాద్ నుంచి జనగామ వచ్చే బస్సులో, దంతాలపల్లి దాటిన కాసేపటికి, ఒక బర్రె నడిరోడ్డు మీద ఏదో ఆలోచనలో పడి నిలబడిపోవడంతో డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. బస్సు ఆగింది, మేం ఆగలేదు. నా సంచిలోని జామకాయలు ముందు సీటు కిందికి, నేను ఒక పెద్దమనిషి ఒడిలోకి, ఆయన కళ్లజోడు ఎవరి గంపలోకో చేరాయి. ఏటా తొమ్మిదో తరగతికి జడత్వం పాఠం చెప్పే నాకు ఆ జ్ఞానం ఆ క్షణాన వీసమెత్తు అక్కరకు రాలేదు. నిండు బస్సులో కదలకుండా నిలబడింది కండక్టరమ్మ ఒక్కతే. ఏ కమ్మీనీ పట్టుకోలేదు. కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, టికెట్ మిషను నొక్కుతూనే ఉంది. ముఖం కన్నా ముందు ఆ నిలబడే తీరును గుర్తుపట్టాను.

నా మొదటి ఉద్యోగం ఆ దగ్గరి ఊరి బడిలోనే. జనగామలో పుట్టి పెరిగిన నేను మా అమ్మ కట్టిచ్చిన మామిడికాయ తొక్కు సీసాతో, దేశాన్ని ఉద్ధరించే ముఖంతో అక్కడ దిగాను. దేశం సంగతి తెలియదు గానీ తొక్కు వారంలో అయిపోయింది. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటి బడుల్లో ప్రయోగశాల అంటే ఒక బీరువా, దాని తాళంచెవి పాత పెద్దసారుతో పాటే బదిలీ అయిపోయి ఉండేది. అందుకని బలాల పాఠానికి నేను బావి దగ్గరి చేదతాడు తెప్పించి, ఇద్దరు పిల్లలకు చెరో కొస ఇచ్చి లాగమని చెప్పి, తాడు ఇద్దరినీ ఒకే బలంతో లాగుతుందని గంభీరంగా ప్రకటించాను.

వెనక బెంచీలో కూర్చునే ఈ అమ్మాయి, అదే ఇప్పటి కండక్టరమ్మ, లేచింది.

"గదెట్ల సార్? రెండు దిక్కుల గుంజుడు ఒక్కతీరే ఉంటే మరి గెలిచేదెవలు?"

గెలిపించేది తాడు కాదు, నేల అన్నాను. ఎవరి కాళ్లను నేల గట్టిగా పట్టుకుంటే వాళ్లదే గెలుపు.

"నేల పట్టుకుంటదా! గంత ప్రేమనా సార్ దానికి?"

తరగతంతా గొల్లుమంది. అంతకు ముందు నా పాఠానికి నవ్విన వాళ్లు లేరు. నిద్రపోయిన వాళ్లున్నారు.

అది జనవరి నెల. మిరపకాయ ఎర్రబడే కాలం వస్తే మా హాజరు పట్టీ పలచబడేది. తొమ్మిదో తరగతి మగపిల్లల్లో సగం మంది అప్పటికే తోటల్లో ఉన్నారు. ఒక సాయంత్రం ఈ అమ్మాయి తల్లి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"జెండా పండుగ కాంగనే బిడ్డను తోల్కపోత సారూ. టేకుమట్ల దిక్కు తోటలకు పోతున్నం. ఉగాది దాక ఆడనే."

ఉగాది దాకా పోయిన పిల్ల మళ్లీ బెంచీ మీదికి రావడం నేను విని ఎరగను. చదువు మీద చేతులు తిప్పుతూ పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. ఆమె ఓపికగా అంతా విని, "మంచిగ చెప్పినవ్ సారూ. మరి మిరపకాయలెవలు ఏరాలె?" అంది. ఆ ప్రశ్న సిలబస్‌లో లేదు.

జెండా పండుగనాడు ఆటల్లో ఆఖరిది తాడు గుంజుడు, తొమ్మిదికీ పదికీ మధ్య. మగపిల్లలు సరిపోక తొమ్మిది తరఫున ఆడపిల్లలే దిగారు. పదో తరగతి అబ్బాయిలు పందెం అప్పుడే గెలిచినట్టు మీసాలు లేని చోట మీసాలు దువ్వారు. ఏ వైపు కావాలో కోరుకోమంటే జెండా కట్ట వైపు అన్నారు, ఫోటోలో వెనకాల జెండా పడుతుందని. ఆ వైపు నేలంతా తెల్లవారుజామున పేడనీళ్లు చిక్కగా చల్లి, ముగ్గులు వేసి ఉంది. వాళ్ల కాళ్లకు కవాతు కోసం కొన్న కొత్త తెల్లబూట్లు. ఈ అమ్మాయి ఆ నేల వైపు చూసింది, నా వైపు చూసింది, మెల్లగా చెప్పులు విడిచి తాడు చివర నిలబడింది.

"ఎవ్వలు గుంజకుండ్రే! కాళ్లు ఎడంగ పెట్టుండ్రి, మడిమలు దిగేయుండ్రి, ఎనుకకు ఒరుగుండ్రి! గుంజే పని ఆళ్లే చేస్తరు!"

అబ్బాయిలు ప్రాణం పెట్టి లాగారు. లాగిన కొద్దీ తామే ముందుకు జారుతూ, ముగ్గులోని తామరపువ్వు మీదుగా ఒకరి మీద ఒకరు పడుతూ గీత దాటి వచ్చి అమ్మాయిల పాదాల ముందు వాలారు. ఫోటో మాత్రం బాగా వచ్చింది, వెనకాల జెండా కూడా పడింది.

ఆ తల్లి గోడవారగా నిలబడి అంతా చూసింది. ఇక ఆనందబాష్పాలే తరువాయి అనుకుని నేను ఛాతీ విరుచుకుని ఆమె దగ్గరికి వెళ్లాను. ఆమె కళ్లు పొడిగానే ఉన్నాయి.

"ఇంట్ల దీని మాట కుక్క సుత ఇనది. గిందరెట్ల ఇన్నరు సారూ?"

"అది చెప్పింది నిజం కాబట్టి," అన్నాను.

ఆమె బిడ్డ వైపు తిరిగింది. "అయితే ఉండనీ. వాళ్ల అమ్మమ్మ కాడ ఉంటది. నేనొక్కదాన్నే పోత," అని, నేను కృతజ్ఞతగా ఏదో అనబోయేలోపే, "గని గా పేడ అంగీలు ఉతికే తల్లులకు నువ్వు దొరకకు సారూ," అని వెళ్లిపోయింది. ఆ ఏడు ఇద్దరు ఏరవలసిన సాళ్లు ఆమె ఒక్కతే ఏరిందని నాకు తరువాత తెలిసింది. ఆ బరువు ఏ సూత్రంలోనూ పట్టదు.

ఇప్పుడు జనగామలో మా బడి గోడకు డిజిటల్ తెర ఉంది. తాడు గీస్తుంది, రెండు వైపులా సమానమైన బాణాలు వేస్తుంది, ఎవరూ అడగకముందే కింద ఘర్షణ అని జవాబు రాస్తుంది. పిల్లలు తలూపుతారు. మార్కులు బాగా వస్తున్నాయి, బూట్లకు మరక లేదు, నాకూ ఏ లోటూ లేదు. కాకపోతే, నేలకు గంత ప్రేమనా అని అడిగే తీరిక ఎవరికీ దొరకడం లేదు.

జామకాయలు ఏరి నా చేతికిస్తూ ఆ అమ్మాయి నన్ను పోల్చుకుంది. అమ్మ భూపాలపల్లిలో చెల్లె దగ్గర సుఖంగా ఉందట, మిరపకాయ పేరు చెబితేనే తుమ్ముతుందట. నేను కళ్లు తుడుచుకునే లోపే టికెట్ చేతిలో పెట్టింది, మగవాళ్లకు ఫ్రీ లేదు కదా. బర్రె ఆలోచన తెగి పక్కకు తప్పుకుంది. డ్రైవరు గేరు వేశాడు.

"సార్," అంది ఆమె నా చెప్పుల వైపు చూస్తూ, "కాళ్లు ఎడంగ పెట్టుండ్రి."