సారు చేయించిన ల్యామినేషన్

మా ఇంగ్లీషు సారు పోయారని మంగళవారం పొద్దున స్టాఫ్ రూములో తెలిసింది. మా పదో తరగతి బ్యాచి వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆయన ఫొటో పెట్టి, కింద జోడించిన చేతుల బొమ్మ పెట్టారు. గుండెపోటు, నంద్యాలలో, ఇంట్లోనే. ఆ తర్వాత వరసగా అందరివీ అవే చేతులు. నేనేమీ పెట్టలేదు. రెండేళ్ళుగా ఆయనతో మాట్లాడని దాన్ని, ఇప్పుడు ఫొటోకు దండం పెట్టడానికి సిగ్గేసింది. ఇంతలో బెల్లు కొట్టారు. వెళ్ళి ఏడో తరగతికి పాఠం చెప్పాను.

పోయినవాళ్ళందరినీ దేవుళ్ళను చేయడం మనకొక అలవాటు. నేను అందుకు కూర్చోలేదు. ఆయన నాకు చదువు చెప్పారు. దారి చూపించారు. ఆ దారి చివర తన చేత్తోనే తలుపు మూశారు. ఈ మూడూ చెప్పకపోతే నేను రాసేది స్మృతి కాదు, మొహమాటం.

ఆళ్ళగడ్డ హైస్కూల్లో ఆయన మాకు ఇంగ్లీషు చెప్పేవారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో ఎర్ర పెన్ను, సంచిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ కవరు. కనిపించిన ప్రతి కాగితాన్నీ ల్యామినేషన్ చేయించడం ఆయన పిచ్చి. క్లాసు టైం టేబులు, నంద్యాల బస్సుల వేళలు, మేం రాసిన వ్యాసాల్లో ఆయనకు నచ్చినవి, అన్నీ జిరాక్సు అంగడి మెషీన్‌లోంచి దూరి రావాల్సిందే. "సారును కూడా ఒకసారి అందులో దూర్చి తీస్తే ఇంక ముసలోడు కాడు" అని వెనక బెంచీల వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ పిచ్చికి ఒక కథ ఉంది. కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన కోయిలకుంట్లలో అద్దె ఇంట్లో ఉండేవారు. పెట్టెలో దాచుకున్న డిగ్రీ సర్టిఫికెట్‌ను చెదలు తినేశాయి. ప్రమోషన్ వచ్చే వేళకు, తాను చదువుకున్నవాడినేనని రుజువు చేసుకోవడానికి ఆయన ఎక్కని ఆఫీసు మెట్లు లేవు. ఏటా కొత్త బ్యాచికి ఆ కథ చెప్పి, చివర్లో "చదువు నెత్తిలో ఉంటే చాలదప్పా, కాగితం సంచిలో ఉండాల" అనేవారు.

మా నాయనది ఆళ్ళగడ్డలో కిరాణా అంగడి. డిగ్రీ అయ్యాక, నేను విదేశానికి ఇంగ్లీషు టీచరుగా పోతానంటే ఆయనకు నవ్వొచ్చింది. "ఇంగ్లీషు వాళ్ళదే గదమ్మా, మనం పోయి వాళ్ళకేం చెప్తాం?" అన్నాడు. వియత్నాం వాళ్ళది ఇంగ్లీషు కాదని, నేర్పే టీచర్ల కోసం వాళ్ళు వెతుకుతున్నారని చెప్పాను. "అయితే మీ సారునడుగు. ఆయప్ప సరేనంటే నేనూ సరే" అన్నాడు. అప్పటికి సారు రిటైరై నంద్యాలలో ఉంటున్నారు.

ఆయన దగ్గరికి వెళ్ళాను. నా ఫోన్లో ఒక ప్రకటన ఉంది. ఇంట్లో కూర్చుని కొన్ని వారాల్లో ముగించే ఆన్‌లైన్ సర్టిఫికెట్, అది ఉంటే ఏ దేశంలోనైనా ఉద్యోగం అని. నా క్లాస్‌మేటు అప్పటికే అందులో చేరింది. సారు అద్దాలు పెట్టుకుని మొత్తం చదివారు.

"ఇంత తక్కువ దినాల్లో టీచర్ని చేస్తారంటనా? నేను రిటైర్ అయ్యేదాకా చెప్పినా, ఇంకా అయినానో లేదో తెలీదు."

"వాళ్ళడిగేది ఇంతే సార్."

"ఈ పొద్దు అడుగుతాండారు. రేపు రూలు మారితే ముందు ఎవర్ని ఇంటికి పంపిస్తారు? నిన్నే. బీఎడ్ చెయ్. ఎమ్మే చెయ్. నువ్వు పిల్లోళ్ళ ముందర నిలబడి చెప్తాంటే, వెనక కూచ్చోని చూసి రాసిచ్చే సర్టిఫికెట్ ఉంటాదంట, అది చెయ్. మూడూ ఉంటే నిన్నెవురూ కదిలించలేరు."

ఇంకో ప్రకటనలో ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్న దేశాల పాస్‌పోర్టు ఉన్నవాళ్ళే రావాలని రాసి ఉంది. దాన్ని రెండుసార్లు చదివి ఫోను నా చేతికిచ్చేశారు. "ఇంగ్లీషంటే నేర్చుకుంటాం. పాస్‌పోర్టు యాడ నేర్చుకుంటాం? అందుకే మన సంచిలో రెండు కాగితాలు ఎక్కువ ఉండాల" అన్నారు.

ఆయన మాటే విన్నాను. నంద్యాలలో బీఎడ్, దూరవిద్యలో ఎమ్మే, ఆ తర్వాత హైదరాబాదులో ఆ మూడో సర్టిఫికెట్. ఆదివారాలు సారు ఇంట్లో నాకు పాఠాల సాధన. ఆయన నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "నేను వియత్నాం పిల్లోన్ని. నాకు తెలుగు రాదు, ఇంగ్లీషూ రాదు. ఊఁ, మొదలుపెట్టు" అనేవారు. ఒకసారి బనగానపల్లె మామిడిపండు చేతిలో పెట్టి, పండినది, పండనిది అనే తేడా ఇంగ్లీషులో చెప్పబోయాను. ఎంత చెప్పినా తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. చివరికి విసుగొచ్చి పండు కోసి నోట్లో పెట్టాను. "ఇప్పుడర్థమయింది టీచర్" అన్నారు. వంటింట్లోంచి ఆయన భార్య నవ్వు వినిపించింది. అంత బాగా చదువు రానట్టు నటించగలిగిన మనిషిని మళ్ళీ చూడలేదు.

మా ఇల్లు అంగడి వెనకే. గోతాలు, ఎలుకలు. అందుకని సర్టిఫికెట్లు వచ్చినవి వచ్చినట్టు సారు దగ్గరే దాచాను. వియత్నాంలో ఒక స్కూలు నన్ను తీసుకుంటున్నట్టు రాసినప్పుడు, వాటిని తెచ్చుకోవడానికి వెళ్ళాను. కొత్త ఫోల్డరు రెండు చేతులతో అందించారు. తెరిస్తే లోపల అన్నీ తళతళ మెరుస్తున్నాయి. అన్నిటికీ ల్యామినేషన్.

"చెదలు కాదు గదా, వాన కూడా ఏం చేయలేదు ఇంక" అన్నారు.

ఇక్కడ నేను నిజం చెప్పాలి. నాకూ సంతోషమే అయింది. ఆయన కాళ్ళకు దండం పెట్టి మరీ వచ్చాను. అది ఎంత పొరపాటో మా ఇద్దరికీ తెలియదు.

విదేశానికి పోయే డిగ్రీ వెనక ప్రభుత్వం ముద్ర పడాలి. హైదరాబాదు ఆఫీసులో కౌంటరు వెనకాయన నా డిగ్రీని తిప్పి, గోటితో ఒకసారి గీకి, "ముద్ర ఎక్కడ వేయమంటావమ్మా, ప్లాస్టిక్ మీదా?" అని వెనక్కి తోశాడు. నేను దిగిన హాస్టల్లో ఇస్త్రీపెట్టెతో వేడి చేసి పొర లాగి చూశాను. పొరతో పాటు అక్షరాలూ వచ్చేశాయి. యూనివర్సిటీ ముద్ర సగం కాగితానికి, సగం ప్లాస్టిక్‌కు అంటుకుంది. స్కూలువాళ్ళు మూడు వారాలు ఆగి వేరే మనిషిని తీసుకున్నారు. నా క్లాస్‌మేటు, అదే ఆన్‌లైన్ సర్టిఫికెట్ అమ్మాయి, ఇన్నేళ్ళూ ఇంట్లోనే ట్యూషన్లు చెప్పుకుని, ఆ నెలలోనే అదే దేశానికి విమానమెక్కింది. ఆమె డిగ్రీని ఎవరూ అంత ప్రేమగా చూసుకోలేదు మరి.

సారుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. చెప్పి ఊరుకోలేదు. "మిమ్మల్ని ఎవరు చేయించమన్నారు సార్? మీ కాగితాన్ని చెదలు తిన్నాయి. నా కాగితాన్ని మీరు తిన్నారు" అన్నాను.

"తప్పు నాదేమ్మా" అన్నారు. నేను పెట్టేశాను.

డూప్లికేట్ల కోసం సారే దరఖాస్తులు నింపి బస్సులో పంపించారు. పలకకుండా సంతకాలు చేసి, పాడైన వాటిని జతచేసి తిప్పి పంపాను. కొన్ని నెలలకు ఒక మందపాటి కవరు అంగడికి వచ్చింది. "సారు పంపించినాడు. ఒక ఫోన్ చెయ్ మ్మా" అన్నాడు నాయన. చేతులు కాలాక ఆకులెందుకు అనుకున్నాను. దాన్ని విప్పకుండానే చింతపండు డబ్బాల పైఅరలో పెట్టేసి, ఆళ్ళగడ్డలోనే ఒక ప్రైవేటు స్కూల్లో చేరిపోయాను. ఆ కవరు ఇప్పటికీ అక్కడే ఉంది. నా ఉద్యోగం పోగొట్టింది సారే. రెండో ఉద్యోగం వెతకనివ్వనిది మాత్రం నా పంతం.

బుధవారం నంద్యాల వెళ్ళాను. అప్పటికి అంతా అయిపోయింది. సారు భార్య నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "ఆ ఎండాకాలం నీ సర్టిఫికెట్ల కోసరం యూనివర్సిటీకి నాలుగుసార్లు పోయొచ్చినాడు. షుగరు మనిషివి, వద్దంటే ఇన్యాడా? ఫోన్ మోగితే నీదేమో అని చూసేటోడు" అన్నారు. నిష్ఠూరంగా అనలేదు. అని ఉంటే కొంచెం తేలికపడేదాన్ని.

తర్వాత ఒక ఫొటో చేతికిచ్చారు. "పదో దినానికి కావాల. బస్టాండు కాడ ఆయన పోయే జిరాక్సు అంగడి ఉంది గదా, ఆడ ల్యామినేషన్ చేయించుకోని రా మ్మా." ఆ మాట అన్నప్పుడు ఆమె నా వైపు చూడలేదు.

పదో దినానికని చెప్పాను. అంగడాయన ఫొటో అందుకుని, "సారా? ఎప్పుడమ్మా?" అని దాన్ని చొక్కా కొనతో తుడిచాడు. తర్వాత మెషీన్ ఆన్ చేసి, వేడెక్కేదాకా ఆగమన్నాడు. అప్పుడు దాని పైన గోడకున్న బోర్డు చూశాను. ఎర్ర అక్షరాలు. పదో తరగతిలో నా పేపర్ల నిండా ఉన్న చేతిరాత. 'డిగ్రీ సర్టిఫికెట్లకు ల్యామినేషన్ చేయించవద్దు. వెనక ముద్ర పడదు. ఉద్యోగం పోతుంది. నా చేతుల మీదుగా ఒకరికి పోయింది.' దాని కింద అదే ఇంగ్లీషులో. బోర్డుకు మాత్రం ల్యామినేషన్ చేయించారు.

"రెండేండ్లాయ పెట్టి" అన్నాడు అంగడాయన. "ఆ కడా మాట, ఒకరికి పోయింది అనేది, వద్దులే సార్ అన్నా. ఉండనీప్పా అన్నాడు. వారానికోసారి వచ్చి, ఉందా తీసేసినానా అని చూసి పోయేటోడు."

ఇంతలో ఒక అమ్మాయి వచ్చింది. చేతిలో కవరు, కవర్లో కొత్త డిగ్రీ. ల్యామినేషన్ చేస్తారా అని అడిగింది. అంగడాయన బోర్డు వైపు వేలు చూపించాడు. ఆమె నిలబడి అంతా చదివింది. కాగితాన్ని జాగ్రత్తగా మళ్ళీ కవర్లో పెట్టుకుని, బస్సులవైపు వెళ్ళిపోయింది. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

మెషీన్ అవతలి పక్క నుంచి సారు మెల్లగా బయటికొచ్చారు. "వేడి ఉంటాది, అంచులు పట్టుకో మ్మా" అన్నాడు అంగడాయన. అంచులు పట్టుకోలేదు. రెండు అరచేతుల్లోకీ తీసుకుని, ఆ ఎర్ర అక్షరాల కింద, చల్లారేదాకా నిలబడ్డాను.