కిటికీ కొలిచి కొన్న కంప్యూటర్

కంప్యూటర్ కొని బాగుపడినవాళ్ల గురించి మీరు చాలా వినుంటారు. కంప్యూటర్ కొని, దాన్ని వీధి మొత్తం చూస్తుండగా స్వయంగా బిగించి, సాయంత్రానికల్లా పరువు పోగొట్టుకున్నవాడి గురించి మాత్రం విని ఉండరు. ఆ మహానుభావుణ్ని నేనే. నవ్వదలచినవారు ఇప్పటినుంచే మొదలుపెట్టవచ్చు, ఎందుకంటే ఈ కథలో ఎక్కడా నాకు మంచి జరగదు.

ముందు మా వీధి సంగతి చెప్పాలి. బెంగాల్లోని ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మాది రైల్వే క్వార్టర్. మా క్వార్టర్ ఎలా ఉంటుందో ఎదురు క్వార్టరూ అలాగే ఉంటుంది. అవే గోడలు, అదే గచ్చు, కుళాయిలో నీళ్లొచ్చే వేళ కూడా అదే. నాన్నల జీతాలు ఇంచుమించు ఒకటే. ఇలాంటి చోట ఒకరిని చూసి ఒకరు కుళ్లుకోవాలంటే చాలా కష్టపడాలి. నేను కష్టపడ్డాను.

ఎదురింటి రాజేష్ నాకంటే కొంచెం చిన్నవాడు. అప్పట్లో ఇద్దరం కాలేజీలో చదువుతున్నాం. వాడు పిల్లలకు ట్యూషన్లు చెప్పి, ఆ డబ్బులతో ఒక్కొక్క భాగమే కొనుక్కుని, ఎవరో పారేయబోతున్న పాత ఇనుప క్యాబినెట్‌లో బిగించి, గేమింగ్ కంప్యూటర్ తయారుచేశాడు. ఆ క్యాబినెట్ అచ్చం బియ్యం డబ్బాలా ఉండేది. దాన్ని చూసి నేను కుళ్లుకోలేదు, ఒట్టు. పెద్దమనసుతో భుజం తట్టి "బాగుందిరా" అని కూడా అన్నాను.

నా కడుపులో మంట పెట్టింది మా తాతయ్య.

తాతయ్య రిటైరైన రైలు డ్రైవరు. టీవీ చూడడు, ఫోన్ ముట్టడు. సాయంత్రమైతే అరుగు మీద నా పక్కన కూర్చుని, ఎప్పుడో తాను నడిపిన గూడ్సు ఏ స్టేషన్ బయట ఎందుకు ఆగిపోయిందో చెప్పేవాడు. అలాంటి మనిషికి రాజేష్ ఒకరోజు తన కంప్యూటర్‌లో రైలు నడిపే గేమ్ చూపించాడు. అంతే. మర్నాటినుంచి తాతయ్య టీ తాగి, తల దువ్వుకుని, డ్యూటీకి బయల్దేరినట్టు ఎదురింటికి వెళ్లిపోయేవాడు. వాళ్ల మాటలు కిటికీలోంచి మాకు వినిపిస్తూనే ఉండేవి.

"ఒరే రాజేషూ, సిగ్నలు పసుపుందిరా! ఏటి సూస్తన్నావు? బ్రేకు నాను ఏస్తాను, నువ్వు హారన్ కొట్టు!"

"అలగే తాతా!"

నా తాతయ్య! నాకు దక్కాల్సిన హారన్! ఆ 'తాతా' అనే పిలుపు వింటే నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన కళ్లజోడు బాగుచేయించి తెచ్చింది ఎవరు? ఆయనకు ఇష్టమని రోజూ జిలేబీ మోసుకొచ్చింది ఎవరు? ఇవేవీ ఎవరికీ గుర్తులేవు. మా అమ్మ అయితే వాణ్ని మెచ్చుకోని పూట లేదు.

"ఆ కుర్రోడు తాతని ఎంత బాగా సూసుకుంటన్నాడో సూడు," అంది.

"నేను సూసుకోటం నేదేటి?"

"నువ్వూ సూస్తన్నావులే, కిటికీలోంచి."

ఆ క్షణంలో నిర్ణయించుకున్నాను. నేనూ కంప్యూటర్ కొంటాను. రాజేష్ దగ్గర ఏముందో దానికి ఒక మెట్టు పైది కొంటాను. తాతయ్యను ఇంటికి తెచ్చుకుంటాను. రైల్వే ఆఫీసులో పనిచేసే నాన్నకు మాత్రం, చదువు కోసమని వినయంగా విన్నవించుకున్నాను. నాన్న నోట్లు రెండుసార్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇదే మొదలు, ఇదే ఆఖరు. మళ్లీ అది సాల్లేదు, ఇది సాల్లేదు అనీసి నా దగ్గిరకి రాకు."

ఇక్కడ బుర్ర ఉన్నవాడెవడైనా ఏం చేస్తాడు? ఎదురింటికి వెళ్లి, "తమ్ముడూ, ఏమేం కొనాలో చెప్పు" అని అడుగుతాడు. నేను అడగలేదు. అడిగితే వాడు చక్కగా చెప్తాడని నాకు తెలుసు, అదే నా బాధ. తాతయ్యను భోజనానికి పిలిచే మిషతో వెళ్లి, వాడి కంప్యూటర్‌ను ఓరకంట చూసి వచ్చాను. తెరమీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు ఉంటుంది కదా, వాడి కార్డుకు ఒకే ఫ్యాను ఉంది. కాబట్టి నా దానికి మూడుండాలి. ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ వాడిది గుప్పిట్లో పట్టేంత ఉంది. కాబట్టి నాది గుడి గోపురమంత ఉండాలి. అది ఎంత చల్లబరుస్తుందో నాకు తెలియదు. ఎంత ఎత్తుందో తెలిస్తే చాలనుకున్నాను.

క్యాబినెట్ విషయంలో మాత్రం చాలా శాస్త్రీయంగా ప్రవర్తించాను. మా పాత క్వార్టర్లకు గోడలు మహా మందం, కిటికీ గట్టు మీద చంటిపిల్లాణ్ని పడుకోబెట్టవచ్చు. మా ముందుగది కిటికీ, రాజేష్ గది కిటికీ ఎదురెదురుగా ఉంటాయి. నా కంప్యూటర్‌ను ఆ గట్టు మీద పెట్టి, అద్దం ఉన్న వైపు వీధిలోకి తిప్పితే, లోపలి రంగుల లైట్లు తిన్నగా వెళ్లి రాజేష్ మొహం మీద పడతాయి. నా పథకం అదీ. నాన్న టేపు తీసి గట్టు పొడవు కొలిచాను, వెడల్పు కొలిచాను, కిటికీ రెక్కకు తగలకుండా ఎంత ఎత్తు పెట్టవచ్చో కొలిచాను. అనుమానం వచ్చి మళ్లీ కొలిచాను. ఆ కొలతలకు సరిపోయే బుజ్జి అద్దాల క్యాబినెట్ కోసం గోల్‌బజార్ మొత్తం తిరిగాను.

చివరికి దొరికింది. కొట్టు యజమాని బెంగాలీ ఆయన. మావాళ్లతో బేరాలాడి బేరాలాడి తెలుగు పట్టేశాడు, 'అన్నా' అనాల్సిన చోట మాత్రం 'దాదా' అంటాడు.

"దాదా, ఈ కార్డు చాలా లంబా, పొడుగు. ఈ డబ్బా చిన్నది. పట్టదు," అన్నాడు.

"పడతాది దాదా. నేను కొలిసినాను."

"ఏటి కొలిచినావు?"

"అన్నీ."

"పవర్ సప్లై కూడా పెద్దది తీసుకో దాదా. ఈ కార్డు కరెంటు చాలా తింటుంది."

"పవర్ సప్లై బయటికి కనిపిస్తాదా?"

"కనిపించదు."

"అయితే సిన్నది ఇచ్చీ."

ఆయన నిట్టూర్చి, సీలు తీస్తే ఏదీ వాపసు తీసుకోనని మూడు భాషల్లో చెప్పాడు. నేను మూడు భాషల్లోనూ ఠీక్ హై అన్నాను.

ఆదివారం పొద్దున్న వీధిలో ఖాళీగా ఉన్నవాళ్లందరినీ పిలిచాను. తాతయ్యకు ముందు కుర్చీ వేశాను. రాజేష్‌ను పిలవలేదు. వాడంతట వాడే వచ్చాడు, పైగా సాయం చేద్దామని స్క్రూడ్రైవర్ కూడా తెచ్చాడు. వాడు చెడ్డవాడైనా నాకు కాస్త మనశ్శాంతిగా ఉండేది.

మొదట అంతా బాగానే సాగింది. తర్వాత కూలర్ బిగించి అద్దం మూయబోతే మూసుకోలేదు. గోపురం వేలెడు బయటికి పొడుచుకొచ్చింది. ఫర్వాలేదు, అద్దం సంగతి తర్వాత చూద్దామని కార్డు అందుకున్నాను. నిలువుగా పెట్టాను, పట్టలేదు. ఏటవాలుగా పెట్టాను, పట్టలేదు. తల లోపలికి పోతే తోక బయట, తోక లోపలికి పోతే తల బయట. నా చొక్కా తడిసిపోయింది.

"తొయ్యకు అన్నా, ఇరిగిపోద్ది," అన్నాడు రాజేష్.

"నాకు తెల్సు!"

"క్యాబినెట్ కొలత సూసినావా అన్నా?"

"సూసినాను! రెండుసార్లు సూసినాను!"

"దేనికి సరిపెట్టి సూసినావురా?" అన్నాడు తాతయ్య నెమ్మదిగా.

నేను కిందపడని స్క్రూ కోసం వెతకడం మొదలుపెట్టాను. వంటింటి గుమ్మంలోంచి అమ్మ చెప్పేసింది.

"కిటికీకి సూసినాడు మావయ్యా. వాళ్ల నాన్న టేపు అట్టుకోని గట్టెక్కి కూకున్నాడు. ఈ లైట్లు రాజేష్ మొహం మీద పడాలంట."

కన్నతల్లి ఇలా చేస్తుందని ఎవరైనా అనుకుంటారా? గది గొల్లుమంది. తాతయ్యకు నవ్వి నవ్వి దగ్గొచ్చింది.

"ఒరే బుజ్జీ, గేజి మించిన లోడు తెచ్చినావురా! నా సర్వీసులో ఇలాటి సరుకొస్తే లైనంతా ఆపీసీవోరు. వేగను సూడకండా సరుకు కొనీసినావేటి!"

అందరూ నవ్వారు, ఒక్క రాజేష్ తప్ప. వాడు నా కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, ఎంతో మర్యాదగా ఒక మాటన్నాడు.

"అన్నా, నాది ఇనప డబ్బా కదా, లోపల బోలెడు సోటున్నాది. పవర్ సప్లై కూడా పెద్దదే ఏసినాను. నీ కార్డూ కూలరూ నా దాంట్లో పడతాయి. నా సిన్నవి నీ దాంట్లో సక్కగా కూకుంటాయి. మార్సుకుందామా? తేడా డబ్బులు నెలనెలా ఇచ్చీస్తాను."

నేను ఆశగా నాన్న వైపు చూశాను. నాన్న నా వైపు చూడకుండా టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు.

భోజనాల వేళకు నా కంప్యూటర్ వెలిగింది. అద్దం మూసుకుంది, లైట్లు వచ్చాయి, కిటికీ గట్టు మీద కొలిచినట్టు కూర్చుంది. చుట్టూ చప్పట్లు కొడుతుంటే నాకు సంగతి అర్థమైంది. రాజేష్‌ను మించిపోదామని ఎంచి ఎంచి కొన్నవన్నీ రాజేష్ డబ్బాలోకి వెళ్లిపోయాయి. నా అద్దాల పెట్టెలో ఉన్నవి వాడు వాడుకుని తీసేసినవి. వాడి కంప్యూటర్‌కు ఒక మెట్టు పైది తెస్తానన్నాను కదా, తెచ్చాను, వాళ్లింటికి.

అయినా ఒక ఆశ మిగిలింది. సాయంత్రం తాతయ్య జాలిపడి నా దగ్గరే కూర్చున్నాడు. అదే రైలు గేమ్, ఆయన బ్రేకు, నేను హారన్. నా ఆనందం ఎలా చెప్పను! రెండో స్టేషన్ దాటకముందే ఆయన లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"బాగున్నాదిరా బుజ్జీ. లైట్లు మా బాగున్నాయి."

"ఇంకొక్క స్టేషను తాతా!"

"కాదురా... అక్కడ ఇప్పుడు వాన పడతంది."

"వానేటి?"

"మజ్జాన్నం రాజేష్ సూపించినాడు. ఇంజను అద్దం మీద సినుకులు పడతన్నాయి, వైపరు తిరగతంది. పట్టాలు తడిసి మెరుస్తన్నాయిరా! కొత్త కార్డు మహిమంట. ఎవుడు కొన్నాడో గాని, మంచి కార్డు," అని కన్ను గీటి వెళ్లిపోయాడు.

నా లైట్లు వెళ్లి ఎదురింటి గోడ మీద రంగురంగులుగా పడుతున్నాయి. వాటిని చూసేవాళ్లు లేరు, అందరూ వాన చూస్తున్నారు. ఇక ఉండబట్టక నేనూ వెళ్లాను. రాజేష్ జరిగి చోటిచ్చాడు, హారన్ కూడా నాకే ఇచ్చాడు. దానితో నా కుళ్లు తగ్గిపోయిందనుకుంటున్నారా? ఆ వాన చూశాక రెట్టింపైంది.

అందుచేత, చదివిన మీ అందరి సమక్షంలో, కుడిచేయి ముందుకు చాచి, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ ఒకరిని చూసి కుళ్లుకుని ఏ వస్తువూ కొనను. ఒకవేళ బుద్ధి గడ్డితిని కొన్నా, మధ్యలో మా ఇంటికి తెచ్చి ఇబ్బంది పడకుండా, తిన్నగా రాజేష్ వాళ్లింటికే పంపించేయమని కొట్టులోనే చెప్పేస్తాను.