పాత రబ్బరు మీద కొత్త ఫిల్టరు

పోయిన నెల మా అబ్బాయి కారు సర్వీసుకిస్తూ నన్నూ వెంట తీసుకెళ్ళాడు. అద్దాల గదిలో కూర్చుని కాఫీ తాగుతుంటే, అవతల మెకానిక్ ఒకడు పాత ఆయిల్ ఫిల్టరు విప్పి, కొత్తది బిగించే ముందు ఇంజనుకు అది ఆనే చోట వేలితో చుట్టూ తడిమి చూసి గుడ్డతో తుడిచాడు. క్షణం పట్టని పని. కొన్ని కోపాలు చల్లారినట్టే ఉండి నివురు కింద అలాగే ఉంటాయని నా వయసు వాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఆ వేలు చూడగానే మా బావగారు, అంటే నా భర్తకు అన్న, గుర్తొచ్చి కాఫీ చేదెక్కింది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేము నగరం అంచున వర్తూరులో ఉమ్మడిగా ఉండేవాళ్ళం. పొలం ఇళ్ళ ప్లాట్ల లేఅవుటుకు అమ్ముడుపోయాక, ఆ డబ్బుతో ఇంటిల్లిపాదీ పట్టే పెద్ద డీజిల్ బండి కొన్నారు. అందరిదీ అన్నారే గానీ తాళంచెవి ఎప్పుడూ బావగారి జేబులోనే. నా భర్త బొమ్మసంద్రలో ఫ్యాక్టరీలో చేసేవారు. యంత్రాల సంగతి బాగా తెలిసిన మనిషే, అన్న ముందు మాత్రం నోరు పెగిలేది కాదు.

ఆ ఏడు మదనపల్లెలో మా తమ్ముడి పెళ్ళి. అమ్మానాన్నలకు మేమిద్దరమే. తాళిబొట్టుకు మూడో ముడి పెళ్ళికొడుకు తోబుట్టువు వేయడం మా వైపు ఆచారం, ఆ ముడి కోసం నేను ఎన్నాళ్ళుగా ఎదురుచూశానో. ముందుగానే బస్సెక్కి పోతానంటే బావగారు ఒప్పుకోలేదు. "ఇంట్లో బండి పెట్టుకోని బస్సులో పోతే మా మర్యాద ఏం కావాలమ్మా? తెల్లారుజామునే అందరం పోదాం" అన్నారు.

ముందురోజు ఆయిల్ మార్చాలనుకున్నారు. నా భర్త పాత ఫిల్టరు మీది నంబరు రాసుకుని మారతహళ్ళిలో అంగళ్ళన్నీ తిరిగారు. ఒకాయన చూడ్డానికి అచ్చం అలాంటిదే చేతిలో పెట్టి ఇది కూడా కూర్చుంటుందన్నాడట. బిగించే మర సరిపోయినంత మాత్రాన సరైనది కాదని వదిలేసి, చివరికి అదే నంబరుది వెతికి తెచ్చారు. గుమ్మంలోనే బావగారు లాక్కున్నారు. "ఈడియ్‌రా, నేను చూడని బండ్లా?" అని తానే పాతది విప్పి కొత్తది బిగించారు.

మరునాడు హొసకోట దాటి చాలాదూరం పోయాక స్టీరింగు ముందు ఎర్రదీపం వెలిగింది. "అన్నా, ఆయిల్ లైటు" అన్నారు నా భర్త, వినపడీ వినపడనట్టు. కొత్త ఆయిల్ కదా, సర్దుకుంటాదిలే అని బావగారు ఇంకా తొక్కారు. చింతామణి రాకముందే ఇంజను కడుపులో ఏదో విరిగినట్టు గట్టిగా మోగి ఆగిపోయింది. దిగి చూస్తే వెనక రోడ్డు పొడుగునా నల్లటి చార.

పక్క ఊరి మెకానిక్ వచ్చేసరికి ముహూర్తం దాటిపోయింది. అతను ఫిల్టరు విప్పి, "రెండు రబ్బర్లుండాయప్పా. పాత ఫిల్టరు రబ్బరు రింగు ఇంజనుకే అతుక్కోని ఉండాది, దానిమీదనే కొత్తది బిగిచ్చినారు. ఆయిలంతా ఆ సందులోనే పోయిండాది" అని రెంటినీ ఎత్తి చూపించాడు. బావగారు వాటి వైపు చూడనైనా లేదు. "నువ్వు తెచ్చిన ఫిల్టరే తప్పురా" అన్నారు తమ్ముడితో. ఈయన తల వంచుకున్నారు.

దారిన పోయే బస్సెక్కాం. పెళ్ళికొడుకు అక్కనై ఉండి, కొత్త చీర అంచుకు ఆయిల్ మరకతో కిటికీ పక్కన కూర్చుని బావగారిని నోటికొచ్చినట్టు తిడుతుంటే, నా భర్త మెల్లగా, "విప్పిన ఫిల్టరుకు రబ్బరు లేదని నిన్ననే చూసినాను. చెప్తే అన్నకు కోపమొస్తాదని ఊరుకున్నాను" అన్నారు. నేను లేచి వెనక సీటుకు పోయి కూర్చున్నాను. మదనపల్లె చేరేసరికి పందిట్లో భోజనాల ఆఖరి బంతి లేస్తోంది. మూడో ముడి పిన్ని కూతురు వేసిందట. మా అమ్మ అన్నం తిన్నావా అని మాత్రం అడిగింది.

ఏడాది తిరక్కుండా పట్టుబట్టి వేరు కాపురం పెట్టించాను. తన పొరపాటని బావగారు చివరిదాకా ఒప్పుకోలేదు. ఆయన పోయినప్పుడు వెళ్ళాను గానీ ఏడుపు రాలేదు. నా భర్తతో కాపురం సాగింది, పిల్లలు పెరిగారు. ఆ బస్సులో మాటను మాత్రం నేనింకా క్షమించలేదు.

ఇప్పుడు ఎవరి బండి వారిది, ఎవరి తాళంచెవి వారిది. తప్పు కనబడితే చిన్నవాళ్ళు పెద్దవాళ్ళకు మొహం మీదే చెప్పేస్తున్నారు. మంచిదే అంటాను. కానీ తెల్లవారుజామున అందరం ఆ ఒక్క బండిలో ఇరుక్కుని, ఒళ్ళో పిల్లలూ కాళ్ళ దగ్గర పూలబుట్టా పెట్టుకుని, తోటికోడలు ఏదో పాట ఎత్తుకుంటే అందరం అందుకుంటూ హొసకోట దాకా పోయామే, అంత సంతోషంగా మళ్ళీ ఏ బండిలోనూ కూర్చోలేదు. ఆ కాస్త సంతోషాన్నీ అన్నదమ్ములిద్దరూ, ఒకరు నోటితో, ఒకరు మౌనంతో, నాకు దక్కకుండా చేశారు.