గోడవైపు తిరిగిన బొమ్మ

నిన్న ఒకరింట్లో ఆ బొమ్మే కనిపించింది. మరియమ్మ ముందు వంగిన రంగురెక్కల దేవదూత, ఇటలీలో ఏనాటిదో ఒక గోడచిత్రానికి అచ్చు.

పరాయి రాష్ట్రంలో, టికియాపారా రైల్వే క్వార్టర్లలో పెరిగిన మన తెలుగువాళ్లకు గుర్తుందా? బయటి గోడల నిండా సుత్తీకొడవళ్లు. లోపల మన ప్రొటెస్టెంటు క్రైస్తవుల ఇళ్లలో మాత్రం మరియమ్మ బొమ్మ కూడదు. అమ్మకేమో అదంటే ప్రాణం. ఆ ఇటలీ గోడ పగుళ్లు కూడా అందులో అచ్చయితే, మా ఇంటి చెమ్మకే వచ్చాయనుకుని రోజూ పొడిగుడ్డతో తుడిచేది.

“పాస్టరుగారొస్తన్నారే” అంటూ నాన్న దాన్ని గోడవైపు తిప్పేవాడు. ఆయన వెళ్లగానే అమ్మ ఇటు తిప్పేది. “ఆయమ్మకి ఊపిరాడొద్దేటి?” అనేది.

అమ్మ పోయిన రోజూ నాన్న అలవాటుగా బొమ్మ తిప్పాడు. ప్రార్థన ముగించి పాస్టరుగారు వెళ్లిపోయారు. మేం క్వార్టరు ఖాళీ చేసేదాకా ఆ బొమ్మ గోడకేసే చూస్తూ ఉండిపోయింది.