సంఘ చరిత్రా, కిటికీ పక్క బల్లా

ఆ రోజుల్లో నల్లకోటు తొడుక్కుంటే చాలు, వకీలైపోయినట్టే అనుకునేవాణ్ని. కూర్చోవడానికి బల్ల కూడా కావాలని బిలాస్‌పూర్ కోర్టులో అడుగుపెట్టాకే తెలిసింది. బల్లలేని వకీలు దగ్గరికి క్లయింటు రెండోసారి రాడు. (వచ్చినా, స్కూటర్ స్టాండులో నన్నెక్కడని వెతుక్కుంటాడు?) బల్లలిచ్చేది మా రాష్ట్ర న్యాయవాదుల సంఘం. సాయంత్రం క్వార్టర్‌కి చేరగానే, లోకో షెడ్‌లో ఫిట్టరైన నాన్న రోజూ ఒకటే అడిగేవాడు. "ఏట్రా, బల్లిచ్చారా? మా షెడ్‌లో నిన్న చేరినోడికి కూడా లాకరిస్తారు. మీ సంఘం ఏటి సేస్తాదిరా మరి? ఈ ఏడు దాటితే రైల్వే పరీక్ష రాసీ."

సంఘం సెక్రటరీగారిది మా శ్రీకాకుళం వైపే. ఓ రోజు నన్ను పిలిచి, "తమ్ముడూ, వార్షికోత్సవంలో సంఘం చరిత్ర, సేవలూ రాసి చదువు. బాగుంటే కిటికీ పక్క బల్ల నీదే" అన్నారు. రాష్ట్రం కొత్తది, సంఘమూ కొత్తదే, చరిత్ర ఎంతుంటుందిలే అనుకున్నాను. చూసినవాళ్లంతా బతికే ఉన్నారన్న సంగతి తట్టలేదు. పాన్ సీనియర్‌ని (బుగ్గన పాన్ లేనిదే వాదనకి లేవరు) అడిగితే, "అచ్ఛా, రాసుకో. బార్ రూముకి రేకుల కప్పు వేయించింది నేనే" అన్నారు. గొడుగు సీనియర్‌ని (మండుటెండలోనూ గొడుగు ముడిచే పట్టుకుంటారు) అడిగితే, వేయించింది తనేనన్నారు. ఎవర్నీ నొప్పించడమెందుకని ఇద్దరూ కలిసి వేయించారని రాసేశాను.

సభలో ఆ వాక్యం చదవగానే ఇద్దరూ ఒక్కసారే లేచారు. "కలిసా? ఆ రోజు ఈయన ఊళ్లోనే లేడు!" అన్నారు పాన్ సీనియర్. "నేను రేకులు ఎక్కిస్తుంటే ఈయన టీ తాగుతున్నాడు" అన్నారు గొడుగాయన. నా బల్ల గంగలో కలిసిందనుకున్నాను. కానీ వకీళ్లు కొట్టుకోరు, తీర్మానం చేస్తారు. చరిత్రని సరిదిద్దడానికి అక్కడికక్కడే కమిటీ వేశారు. వాళ్లిద్దరూ సభ్యులు, రాసిన పాపానికి నేను కన్వీనర్ని. కమిటీ కూర్చోవాలంటే బల్ల కావాలి కదా! నివేదిక ఇచ్చేదాకా కిటికీ పక్కది వాడుకోమన్నారు.

నాన్నకి చెబితే, "అయితే ఆ రిపోర్టు ఇవ్వకు" అన్నాడు. ఆయన నాకిచ్చిన న్యాయ సలహా అదొక్కటే. పాటించాను.

ఆ సీనియర్లిద్దరూ ఇప్పుడు లేరు, నాన్నా లేడు. ఆ దెబ్బలాట ఇంకొక్కసారి వినాలనిపిస్తుంది. బల్ల మాత్రం ఉంది. మొన్న రాజ్‌కిశోర్ నగర్ నుంచి వచ్చే కొత్త జూనియరమ్మాయి బల్ల దగ్గరికొచ్చి, "సర్, సంఘం హిస్టరీ లిఖ్‌నా హై, నన్నే రాయమన్నారు. బార్ రూము రేకుల కప్పు ఎవరు వేయించారు?" అనడిగింది. ఇద్దరి పేర్లూ చెబుదామనే నోరు తెరిచాను.

"అచ్ఛా, రాసుకోమ్మా. అది దగ్గరుండి వేయించింది నేనే" అనేశాను.

అమ్మాయి బుద్ధిగా రాసుకుంది. (ఆ రేకులు కారినప్పుడు ఓసారి నిచ్చెన పట్టుకున్నాను, అంతే.)