తాంబూలం ముట్టని రసీదు

1949లో నేను సూర్యాపేట తాలూకా కచేరీ వసారాలో అర్జీలు రాసేవాణ్ణి. పోలీస్ యాక్షన్ జరిగి ఏడాది కావొస్తోంది. అంతకుముందు కచేరీలో అంతా ఉర్దూయే కాబట్టి జనం నా చాప దగ్గరికే వచ్చేవారు. ఇప్పుడు తెలుగులో రాసినా తీసుకుంటున్నారు, ఇంగ్లీషులో రాస్తే లేచి నిలబడి తీసుకుంటున్నారు. సరిగ్గా అప్పుడే పరాయి ప్రాంతం నుంచి వచ్చిన సుబ్బారావు పంతులు కోదాడలో టైప్‌రైటరు పెట్టాడు. నా పాత గిరాకీలు నా కళ్ల ముందే బస్సెక్కి కోదాడ పోతుంటే కడుపు మండిపోయేది. దాచుకోవడం ఎందుకు, ఇప్పటికీ మండుతుంది.

ఒకనాడు మోతె నుంచి రాములమ్మ అనే ఆమె వచ్చింది. అంతకుముందటేడు గడబిడలో మగవాళ్లు ఊళ్లో నిలవలేకపోయారు. అందుకని వాళ్ల ఉమ్మడి కుటుంబం ఆముదాలు అమ్మిన సొమ్మును ఈమె పేరనే సూర్యాపేటలో ఒక చిన్న ప్రైవేటు బ్యాంకులో వేసింది. తీరా తీసుకోబోతే ఖాతా ఖాళీ. విత్‌డ్రాయల్ స్లిప్, అంటే సొమ్ము తీసుకునేటప్పుడు ఇచ్చే చీటీ, దాని మీద వేలిముద్ర ఉందట. ఆమెదేనంటాడు మేనేజరు. సొమ్ము వేశాక ఆ రోజు దాకా తాను బ్యాంకు గడపే తొక్కలేదంటుంది ఆమె. ఇంట్లో పెత్తనమంతా బావగారిది. ఆ సొమ్ము చాటుగా పుట్టింటికి పంపిందని ఆయన నలుగురిలో అనేశాడు. అన్నగారి మాటకు ఎదురు చెప్పడం ఆమె భర్తకు చేతకాదు.

"సగం ఇస్తమంటున్నరు మున్షీ సాబ్, జాలిపడి ఇస్తరంట. వానలు పడ్డయ్, ఇత్తనాలు కొనాలె. తీస్కుంటే ఆ వేలిముద్ర నాదేనని ఒప్పుకున్నట్టు అయితదా?"

"భర్‌పాయి రసీదు మీద వేలు పెడితే అయితది" అన్నాను. భర్‌పాయి అంటే మొత్తం ముట్టింది, ఇక ఏ పేచీ లేదు అని రాసిచ్చేది. "నేను వేరే రసీదు రాస్త. సగం ముట్టింది, మిగిలిన సగం బాకీ ఉంది, వేలిముద్ర మీద ఫిర్యాదు వేరేగ నడుస్తదని. సొమ్ము తీస్కో, ఫిర్యాదు ఇడువకు."

ఆమె ముఖం విప్పారింది. "కోదాడ పంతులు గూడ గదే సెప్పిండు! సొమ్ము తీస్కో, ఫిర్యాదు ఇడువకు అన్నడు."

నా కలం ఆగిపోయింది. అంటే ముందు అక్కడికే పోయిందన్నమాట! "మరి రసీదు ఆయన్నే రాయమనకపోయినవా?" అన్నాను.

"బ్యాంకోల్లకు ఉర్దూ కాయితమైతేనే నమ్మకమంట, మీ కాడికి పొమ్మన్నడు. ఇంకోటి గూడ సెప్పిండు. పైసలు తీస్కో గని తాంబూలం తీస్కోకు అన్నడు."

అది నాకు తట్టలేదు. మా బజారులో ఏ తగువు తెగినా డబ్బుతో పాటు ఆకూ వక్కా ఇస్తారు. సాక్షుల ముందు అది పుచ్చుకుంటే తగువు తీరినట్టే. తర్వాత ఏ కాగితం చూపించినా పెద్దమనుషులు వినరు. పుట్టి పెరిగిన ఊరి మర్యాద నేను మరిచిపోతే ఎక్కడి నుంచో వచ్చిన మనిషి గుర్తుపెట్టుకున్నాడు. అక్షరాలు కొంచెం వంకరపోయినా రసీదు మాత్రం గట్టిగానే రాశాను.

మర్నాడు బ్యాంకులో మేనేజరు నా రసీదు చదివి నవ్వి పక్కన పెట్టాడు. ఆయన ధీమా అంతా ఇత్తడి పళ్లెంలో ఉన్న తమలపాకుల మీదే. రాములమ్మ వేలు పెట్టింది, సొమ్ము కొంగున కట్టుకుంది. ఆయన పళ్లెం జరిపాడు.

"ఒద్దు సారూ" అంది.

"ఒద్దంటే పేచీ ఉన్నట్టే గదా?"

"ఉన్నట్టే."

వెంట వచ్చిన బావ గుడ్లురిమాడు. "సగమన్న వచ్చింది, ఇగ ఖతం చెయ్యరాదు?"

రాములమ్మ ఆయన ముఖం చూసి మాట్లాడటం అదే మొదటిసారట. "పైసలు సగం వచ్చినయ్ బావా. గిప్పుడు ఊకుంటే నేను సగం దొంగనైనట్టా? గది తేలాలె."

సాయంత్రానికల్లా ఊరంతా ఒకటే మాట, కోదాడ పంతులు బుర్రే బుర్ర అని. నా రసీదు సంగతి ఒక్కడూ ఎత్తలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

బ్యాంకు పెద్దాఫీసు మిర్యాలగూడలో ఉండేది. ఫిర్యాదును సుబ్బారావు ఇంగ్లీషులో టైపు చేసి పంపాడు. విచారణ రోజున రాములమ్మ, ఆమె బావతో పాటు రసీదు రాసినవాడిగా నేనూ వెళ్లాను. ఆయన ఇస్త్రీ ఉత్తరీయంతో కూర్చొని ఉంటే నా షేర్వాణీ మోచేతి చిరుగు నాకే కొట్టొచ్చినట్టు కనబడింది.

బ్యాంకు పెద్దాయన ముందు రసీదు చదివాడు. "భర్‌పాయి అయ్యుంటే ఈ ఫిర్యాదు తెరిచేటోన్నే కాదు. వేలిముద్ర సంగతి విడిగ పెట్టిండ్రు. ఎవరు రాసిండ్రిది?"

నేను గొంతు సవరించుకునేలోపే సుబ్బారావు లేచాడు. "వీరేనండి, సూర్యాపేట మున్షీగారు. నేనైతే సగం ముట్టిందని రాసి ఊరుకునేవాణ్ణి. ఆ రెండో ముక్క వీరిదే. కేసు నిలబడింది దాని మీదేనండి."

ఆ మాటకు సంతోషించాలి. కానీ ఒళ్లు ఇంకా మండింది. టైప్‌రైటరు ఆయనదే, పేరూ ఆయనదే, ఇప్పుడు పెద్దమనసు కూడా ఆయనదేనా? తిట్టుకోవడానికి నాకంటూ ఏమీ మిగల్చలేదు మహానుభావుడు.

ఆమె చేత కొత్తగా వేలిముద్ర వేయించి, భూతద్దం పెట్టి రెండూ చూశారు. గీతలు కలవలేదు. మిగతా సొమ్ము ఇవ్వాలనీ, చీటీ మీద వేలిముద్ర ఆమెది కాదనీ రాసి ఇచ్చారు. రాములమ్మ సొమ్ము మాటను ఒకసారి విని ఊరుకుంది. వేలిముద్ర మాటను మాత్రం బావకు వినబడేటట్టు రెండుసార్లు చదివించింది. ఆయన తలవంచుకుని, "తప్పయింది తల్లీ" అన్నాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

ఇచ్చింది తీసుకున్నంత మాత్రాన ఇవ్వనిది వదులుకున్నట్టు కాదని, అయితే ఆ మాట తీసుకునేటప్పుడే చెప్పి తీరాలని ఈ కేసుతో నాకు బాగా తెలిసింది. ఆ తర్వాత ఎన్ని రసీదులు రాసినా ఆ రెండో ముక్క లేకుండా రాయలేదు.

బయటికొచ్చాక సుబ్బారావు కిళ్లీ కొట్టులో ఆకూ వక్కా కొని నా ముందు చాచాడు. "మున్షీగారూ, మీ చెయ్యి లేకపోతే ఇది గెలిచేది కాదండి. పుచ్చుకోండి."

"మీ మెప్పు ముట్టింది పంతులూ" అన్నాను. "తాంబూలం మాత్రం ఒద్దు."

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి పగలబడి నవ్వాడు. రాములమ్మ కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. నేను నవ్వలేదు.