ఖాళీ తొట్టికి మేత

చేపలు లేని నీళ్లకు అయిదు వారాల పాటు రోజూ చిటికెడు మేత వేయించిన ఘనత నాది. టాటానగర్‌లోని బారిడీహ్ కాలనీలో మా మిత్రుడి క్వార్టరు ముందు నుంచి వెళ్లేవాళ్లు కిటికీలోంచి తొంగిచూసి, ఈ ఇంట్లో అందరికీ ఒకేసారి మతి పోయిందనుకునేవారు. ఒకాయన లోపలికి వచ్చి మరీ అడిగాడు, ఇంతకీ చేపలు ఎక్కడ దాక్కున్నాయని. ఇంకా రాలేదని చెప్పాను. ఆయన మర్యాదగా తల ఊపి వెళ్లిపోయాడు.

ఎనభైల మొదట్లో మాట ఇది. నేను స్టీలు ప్లాంటులో నీళ్లు పరీక్షించే ల్యాబులో పనిచేసేవాడిని. బాయిలర్లకు వెళ్లే నీళ్లు, కోక్ ఓవెన్ల నుంచి వచ్చే మురికి నీళ్లు, అన్నీ సీసాల్లో నా బల్ల మీదికి చేరేవి. మిత్రుడు రోలింగ్ మిల్లులో క్రేన్ ఆపరేటరు. ఇద్దరివీ శ్రీకాకుళం వైపు ఊళ్లే. వాడు పరమ నెమ్మదస్తుడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇద్దరికీ ఎలా కుదిరిందో ఇప్పటికీ తెలీదు.

ఆ వానాకాలంలో కూతురి పుట్టినరోజుకని వాడు సాక్చి బజారు నుంచి గాజు తొట్టి, బుడగలు తెప్పించే గాలి మోటారు, ఆరు గోల్డ్‌ఫిష్‌లు ఒకేసారి మోసుకొచ్చాడు. అప్పటికప్పుడు రాళ్లు పరిచి, కుళాయి నీళ్లు నింపి, చేపల్ని వదిలేశాడు. మేత డబ్బా ఎనిమిదేళ్ల కూతురి చేతికిచ్చాడు. వారం తిరక్కుండా ఆరూ పోయాయి. ఆఖరిది తేలిన రోజున వాడి తల్లి, నేను పిన్నీ అని పిలిచేవాడిని, విసుగులో ఒక మాట అనేసింది.

"ఈ గుంట సెయ్యి మంచిది కాదర్రా."

పెద్దావిడ అనేసి మర్చిపోయింది. పిల్ల మర్చిపోలేదు. తులసి మొక్కకు నీళ్లు పోయమంటే పోయదు. వీధిలో ఆవుకు అరటి తొక్క పెట్టమంటే చేతులు వెనక్కి దాచుకుంటుంది. పక్కింటి పసివాడిని ముద్దు చెయ్యమంటే ఏడుస్తూ లోపలికి పరిగెడుతుంది. క్యాంటీనులో టీ తాగుతూ మిత్రుడు ఇదంతా చెప్పాడు.

"మల్లీ సేపలు తెత్తాను గురూ. నీల్లు, మందులు నీకు తెలుసు కదా. ఈసారి గాని సచ్చిపోతే ఆ పిల్ల ఇంకేటీ ముట్టుకోదు. ఏటి సెయ్యాలో నువ్వే సెప్పు."

నాకు ఒళ్లు మండింది. చేపలు పోయింది పిల్ల చేతివల్ల కాదు, నీ తొందరవల్ల అని వాడి మొహం మీదే అన్నాను. చేపలు ఆ నీళ్లలోనే తిని ఆ నీళ్లలోనే విసర్జిస్తాయి. అందులోంచి అమోనియా పుడుతుంది. అది వాటికి విషం. పాత తొట్టిలో అయితే రాళ్లను అంటిపెట్టుకుని కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి ఆ విషాన్ని ఎప్పటికప్పుడు విరిచేస్తాయి. కొత్త తొట్టిలో అవి ఉండవు. పుట్టి పెరగడానికి నెల పైనే పడుతుంది. అందాకా చేపలు వెయ్యకూడదు, కానీ చేపలు ఉన్నట్టే రోజూ కాస్త మేత వేసి కుళ్లనివ్వాలి. లేకపోతే ఆ జీవులు ఏం తిని పెరుగుతాయి?

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు.

"సేపల్లేకుండా మేత ఎవులికి గురూ?"

"నీళ్లకి."

ఆ సాయంత్రమే తొట్టి నింపాం. మేత వెయ్యడానికి నేను పిల్లను పిలిచాను. చేతులు వెనక్కి వెళ్లిపోయాయి. ఇందులో చావడానికి ఏమీ లేదు, కావాలంటే చూసుకో అన్నాను. అది తొట్టి చుట్టూ రెండుసార్లు తిరిగి, వంగి, రాళ్ల మధ్య కూడా వెతికి, "పక్కా?" అంది. "పక్కా" అన్నాను. అప్పుడు రెండు వేళ్లతో, వేడి పెనం మీద ఉప్పు వేసినట్టు, దూరం నుంచి వేసింది. ఏమీ చావలేదు. మర్నాడు తనే డబ్బా అడిగి తీసుకుందట.

వారానికి రెండుసార్లు చిన్న సీసాలో ఆ నీళ్లు పట్టుకెళ్లి, భోజనాల వేళ ల్యాబులో పరీక్షించేవాడిని. మా దగ్గరున్న మందు రెండు చుక్కలు వేస్తే, అమోనియా ఉన్న నీళ్లు పసుపు రంగుకు మారతాయి. బాగా ఎక్కువుంటే ఇటుక రంగుకు తిరుగుతాయి. నేను వచ్చి రంగు చెబితే పిల్ల తన డ్రాయింగు పుస్తకంలో ఒక గడి గీసి ఆ రంగు నింపేది. మొదట లేత పసుపు, తర్వాత ముదురు, తర్వాత ఇటుక రంగు, మళ్లీ పసుపు. నీళ్లు మసకేశాయి, గాజుకు పాచి పట్టింది, గది కొంచెం కంపు కొట్టింది. నాకు మాత్రం మహా సంతోషంగా ఉంది. అయిదో వారం దాటేసరికి రంగు దాదాపు పోయింది, అంటే ఆ జీవులు పనిలోకి దిగాయి. వచ్చే ఆదివారం చేపలు తెద్దామని ప్రకటించేశాను.

ఈలోగా విశ్వకర్మ పూజ వచ్చింది.

టాటానగర్‌లో ఆ రోజు తిరిగే చక్రం, మోగే మోటారు ఏదీ బొట్టు లేకుండా మిగలదు. మిత్రుడు తన క్రేనుకు బంతిపూల దండ కట్టాడు. నేను ల్యాబులో త్రాసుకు కుంకుమ పెట్టాను. మధ్యాహ్నం ఇద్దరం బూందీ పొట్లాలు పట్టుకుని వాళ్లింటికి వెళ్లాం. గుమ్మం దగ్గర సైకిలుకు బొట్టు, లోపల కుట్టుమిషనుకు బొట్టు. గది మూల మా తొట్టి తళతళా మెరిసిపోతోంది. నాలుగు పక్కలా పసుపు, కుంకుమ. చుట్టూ దండ. గాలి మోటారు మీద నిమ్మకాయ. లోపల అంచుదాకా కుళాయి నీళ్లు, అడుగున ముత్యాల్లాంటి తెల్లటి రాళ్లు.

"మోటారున్నాది కదా బాబూ, దీనికి మాత్రం పూజ వద్దేటి?" అంది పిన్ని, మెచ్చుకుంటామని ఎదురుచూస్తూ. "అడుగంతా పాసే. పూజకి అలాగెట్టుకుంతామా? రాల్లన్నీ వేన్నీల్లల్లో ఉడికించి, బూడిదేసి తోమీసాను. ఎండలో కూడా ఎట్టాను."

నేను అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, పండగపూట, ఆవిడ ఇంట్లో, ఆవిడ మీదే అరిచాను.

"అయిదు వారాల పని పిన్నీ! మొత్తం నాశనం చేశారు!"

"ఏటున్నాది బాబూ ఆ నీల్లల్లో, కంపు తప్ప?"

"పురుగులున్నాయి! కావాలని పెంచాం!"

"పురుగులా!" అని ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "నట్టింట్లో పురుగులు పెంచుతన్నారా? సదువుకున్నోల్లు సేసే పనేనా ఇది?"

మిత్రుడు మా ఇద్దరి మధ్య బూందీ పొట్లం పట్టుకుని, ఎవరికి అందించాలో తెలీక నిలబడ్డాడు. నేను ఇంకేదో అనబోయి పిల్లను చూశాను. అది నేల మీద కూర్చుని డ్రాయింగు పుస్తకంలో ఆ గళ్లు ఒక్కొక్కటే తిరగేసుకుంటోంది. నా నోరు దానంతట అదే మూతపడింది.

గొంతు తగ్గించి అడిగాను. "పిన్నీ, పాలు కాచి ఊరికే పెడితే పెరుగవుతుందా?"

"తోడెయ్యకపోతే ఎలాగవుద్ది?"

"ఆ రాళ్ల మీద ఉన్నది తోడే. మీరు దాన్నే తోమేశారు. మొదటిసారి మీవాడు తోడు లేకుండానే చేపలు వేశాడు. అందుకే పోయాయి."

పిన్ని పీట లాక్కుని కూర్చుంది. పిల్ల వైపు ఒకసారి చూసి, నాకు మాత్రమే వినిపించేలా అడిగింది. "అయితే గుంట సెయ్యి వల్ల కాదేటి?"

"కాదు."

 ఆవిడ లేచి, మోటారు మీది నిమ్మకాయ తీసి పక్కన పెట్టి, మమ్మల్నిద్దర్నీ ఎగాదిగా చూసింది.

"మరి అలాగ మొహాలేసుకుని నిలబడ్డారేటి? ఇంట్లో తోడు నేకపోతే పక్కింటికెల్లి అడిగి తెచ్చుకుంతాం గానీ, నెల రోజులు కూకుంతామేటి? పాత తొట్టి ఎవులికాడున్నాదో సూడండి."

నా చదువు అక్కడికక్కడే తేలిపోయింది. ప్లాంటులో మురికి నీళ్లు శుద్ధి చేసే కొత్త తొట్టి మొదలెట్టినప్పుడు, పాతదాని అడుగు మట్టి తెచ్చి కలపడం నా కళ్లతో చూశాను. అయినా నాకు తట్టలేదు. అయిదు వారాలు పిల్లచేత నీళ్లకు మేత వేయించినవాడిని, పెరుగు తోడు పెట్టుకునే ఆవిడకు తట్టింది నాకు తట్టలేదు. మిత్రుడు నవ్వు ఆపుకోవడానికి బూందీ నోట్లో కుక్కుకున్నాడు.

టాటానగర్ స్టేషను దగ్గర ఒక ఫోటో స్టూడియోలో ఏళ్లనాటి తొట్టి ఉండేది. మర్నాడు పిన్నే స్వయంగా బయల్దేరింది, మూత ఉన్న స్టీలు గిన్నెలో ప్రసాదం పెట్టుకుని. వట్టి గిన్నెతో తోడు అడగకూడదట. స్టూడియో యజమాని బెంగాలీ పెద్దమనిషి. నేను హిందీలో సంగతి వివరిస్తుంటే నవ్వుతాడేమోనని భయపడ్డాను. ఆయన నవ్వలేదు. ప్రసాదం కళ్లకద్దుకుని, చొక్కా చేతులు మడిచి, తన తొట్టి అడుగు నుంచి రెండు దోసిళ్ల రాళ్లు తీసి, ఆ నీళ్లతో సహా గిన్నెలో పోశాడు. ఆరిపోనివ్వకండి, తిన్నగా ఇంటికే వెళ్లండి అన్నాడు. ఇంటిదాకా పిన్ని ఆ గిన్నెను ఒళ్లోంచి దించలేదు.

కుళాయి మందు వాసన పోయేలా నిలవబెట్టిన నీళ్లలో ఆ రాళ్లు వేశాం. పిల్ల మళ్లీ మేత వేసింది, నేను మళ్లీ సీసాలు మోశాను. పన్నెండు రోజులకే రంగు రావడం మానేసింది. ఆ ఆదివారం నాలుగు చిన్న చేపలు తెచ్చాం. తొట్టిలోకి వదలగానే పిల్ల డబ్బా తండ్రి చేతికిచ్చేసి, చేతులు మళ్లీ వెనక్కి పెట్టుకుంది.

"ఇప్పుడు చేపలున్నాయి" అంది.

ఆ వారమంతా పిన్ని వేసింది. శనివారం నేను పిల్లను కూర్చోబెట్టి చాలా చెప్పాను, బతిమాలాను, కాస్త కసిరాను కూడా. రేపు వేస్తానంది. మర్నాడు పది గంటలకు వెళ్లేసరికి ఒక చేప వెల్లకిలా తేలి ఉంది. పిల్ల తలుపుకు అతుక్కుని నిలబడింది. నేనేమీ అడక్కముందే పిన్ని అంది.

"పొద్దున్న మేత నానే ఏసాను బాబూ. గుంట డబ్బా ముట్టుకోనేదు. నా సెయ్యే మంచిది కాదు."

ఆవిడ అప్పుడే గుడి నుంచి వచ్చింది. చెప్పులైనా విప్పలేదు, పూలబుట్ట చేతిలోనే ఉంది. మేత పొడి పిల్ల వేళ్లకు ఇంకా అంటుకునే ఉంది. మిత్రుడు తల దించుకున్నాడు.

జేబులో మందు సీసా, గాజు గొట్టం తెచ్చుకున్నాను. తొట్టి నీళ్లు పట్టి చుక్కలు వేశాను. పిల్ల తలుపు వదిలి వచ్చి నా మోచెయ్యి దగ్గర నిలబడింది. నీళ్లు అలాగే తేటగా ఉన్నాయి. చచ్చిన చేపను అరచేతిలోకి తీసి చూపించాను. తోక మొదట్లో ఒలిచినట్టు తెల్లటి గాయం ఉంది, అంతకు ముందు మా ఎవరికీ కనిపించలేదు. పిల్ల గొట్టంవైపు చూసింది, చేపవైపు చూసింది, నానమ్మవైపు చూసింది.

"నానమ్మా, హాథ్ సే మఛలీ నహీ మర్తీ. మైనే డాలా థా, ఆప్ నే నహీ."

గట్టిగా ఏదైనా చెప్పాలంటే పిల్లకు బడి హిందీయే వచ్చేది, పిన్నికి అది అంతంత మాత్రం. "ఏటంతంది బాబూ?"

"చేతివల్ల చేపలు చావవట. పొద్దున్న మేత వేసింది తనేనట, మీరు కాదట."

పిన్ని బుట్ట కింద పెట్టి పిల్లను దగ్గరికి లాక్కుంది. "నీ సెయ్యి కాదమ్మా, నా సెయ్యీ కాదు. నా నోరే మంచిది కాదు" అంది. ఏడుస్తూనే అంది.

పిల్ల ఆ చేతుల్లోంచి విడిపించుకుని వెళ్లి డబ్బా మూత తీసింది. మిగిలిన మూడు చేపలకు ఒక చిటికెడు వేసింది. ఇంకోటి వేసింది. తొట్టి మీదికి వంగి, దగ్గర నుంచి, మూడోది కూడా వేసింది. పొద్దున్నే ఒకసారి తిన్న చేపలకు అది మరీ ఎక్కువ, నీళ్లు పాడవుతాయి. ఆ సంగతి ఆ గదిలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు. నోరు మూసుకుని నిలబడ్డాను, మర్నాడు డ్యూటీకి ముందే బకెట్టు పట్టుకుని వెళ్లి నీళ్లు మార్చాను.